రెడ్డెప్ప గీకని బ్యారెల్

నేను కోపంతోనే విమానం ఎక్కాను. తిరిగొచ్చి రెండు నెలలవుతోంది. ఆ కోపంలో సగం కూడా దిగలేదు. ఖతార్ వెళ్ళొచ్చానని తెలిసినప్పటి నుంచి మా వీధిలో ఒకటే ప్రశ్న: "దుబాయ్‌లో ఏమేం చూసినావు?" దుబాయ్ వేరు, ఖతార్ వేరు అని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. ఏం చూశానని అడిగితే, ఒక పాత అమెరికా తుపాకి గొట్టం లోపలంతా చూశాను. అది చూపించడానికి నన్ను ఎవరూ పిలవలేదు. నేనే వెళ్ళాను.

మాది మదనపల్లెలో తుపాకుల మరమ్మతు దుకాణం. లైసెన్సు మా మామగారి కాలం నాటిది. చేలల్లో పందుల బెడదకు రైతులు పెట్టుకునే ఒంటి గొట్టం తుపాకుల నుంచి, బెంగుళూరులో పోటీలకు కాల్చేవాళ్ళ ఖరీదైన తుపాకుల దాకా మా బల్ల మీదికొస్తాయి. మా ఆయనకు చేతులు వణకడం మొదలై పదిహేనేళ్ళు. అప్పటి నుంచి గొట్టాల కొలతలన్నీ నేనే తీస్తున్నాను.

రెడ్డెప్ప ఆరేళ్ళు మా దగ్గర పనిచేశాడు. తర్వాత ఖతార్ వెళ్ళి ఒక పెద్దింట్లో డ్రైవరుగా చేరాడు. పదకొండేళ్ళుగా అదే ఇల్లు. ఆ ఇంటి పెద్దాయనకు పాత తుపాకులంటే ఇష్టం. మన రెడ్డెప్పకు ఆ పని తెలుసు కాబట్టి వాటిని తుడిచి నూనె పెట్టే పని కూడా అతనికే వచ్చింది. ఒకరోజు అతని ఫోను.

"అమ్మా, నేను గొట్టం గీకినానంటాండారు. మీరు నేర్పిన గుడ్డా, చెక్క కమ్మీ తప్ప ఇంగోటి ముట్టుకోలేదు నేను. ఎవురూ ఇనడంలేదు."

సంగతి ఇదీ. పెద్దాయన ఎనిమిది నెలల కిందట ఒక తుపాకి కొన్నాడు. ఎగిరే మట్టి పళ్ళేలను కాల్చే ఆట కోసం, ఎప్పుడో వందేళ్ళ కిందట అమెరికాలో చేసింది. అలాంటి తుపాకికి గొట్టం మూతి దగ్గర లోపలి రంధ్రాన్ని కొంచెం సన్నం చేస్తారు. దాన్నే చోక్ అంటారు. సన్నగా ఉంటే సీసపు గుండ్లు దూరం దాకా ఒక గుంపుగా పోతాయి. వెడల్పుగా ఉంటే చెదిరిపోతాయి. ఫ్యాక్టరీలో పెట్టిన చోక్ అలాగే ఉందా, మధ్యలో ఎవరైనా తొలిచారా అన్నదాని మీదే ఆ పాత తుపాకి విలువంతా ఉంటుంది. పెద్దాయన కాల్చి చూస్తే గుండ్లు చెదిరిపోయాయి. అమ్మినవాణ్ణి అడిగితే, "మీ డ్రైవరు ఉక్కు బ్రష్షుతో గీకి చోక్ అరగదీశాడు. ఇండియాలో తుపాకులు శుభ్రం చేసే పద్ధతే అది" అన్నాడట.

ఇండియాలో పద్ధతి! అంటే మా పద్ధతి. మా ఆయన నేర్పిన పద్ధతి.

రెడ్డెప్ప దగ్గర కారు తాళాలు తీసుకుని పొలానికి పంపేశారు. సెలవు ఆపేశారు. పోలీసు ఫిర్యాదు ఇస్తే ఆ కేసు తేలేదాకా దేశం దాటలేడు. "గీకలేదని చెప్పగలిగిన మనిషి ఎవరైనా ఉంటే తీసుకురా" అన్నాడట పెద్దాయన. ఆ ఒక్క మాట మీద నేను బయల్దేరాను.

విమానాశ్రయం

దిగీ దిగగానే దెబ్బ. నా కొలత ముక్కలున్న చెక్క పెట్టెను స్క్రీనులో చూసి పక్కకు రమ్మన్నారు. గుండ్రటి ఉక్కు ముక్కలు, ఒక్కొక్కటి బొటనవేలంత, వరుసగా పేర్చినవి. తోటాలు అనుకున్నారు. వాటిని గొట్టంలోకి జారవిడిచి రంధ్రం ఎంత వెడల్పో చూస్తామని చెప్పాను. నా హిందీ బెంగుళూరు హిందీ. "గొట్టమంటే ఏ గొట్టం?" అని అడిగాడు అక్కడి కుర్ర అధికారి. నీళ్ళ గొట్టమని ఒక అబద్ధం ఆడేస్తే సరిపోయేది. నాకు రాదు. తుపాకి గొట్టమన్నాను. ఆ తర్వాత రెండు గంటలు కుర్చీలో కూచోబెట్టారు.

మర్యాదలో లోపం లేదు. నీళ్ళిచ్చారు, ఖర్జూరాలిచ్చారు. పెట్టె మాత్రం ఇవ్వలేదు. రసీదు రాసిచ్చి, తిరిగి వెళ్ళేటప్పుడు తీసుకోమన్నారు. తీసుకున్నాను కూడా, ఒక్క ముక్కా పోలేదు. కానీ అప్పుడు నా పరిస్థితి ఏమిటి? కత్తెర లేకుండా జాకెట్టు కత్తిరించడానికి వచ్చినట్టుంది. బయటికొచ్చేసరికి మా అక్క కొడుకు శ్రీధర్ ఎదురు చూసి చూసి మొహం వేలాడేసుకుని ఉన్నాడు. దోహాలో ఏదో కంపెనీలో లెక్కల పని అతనిది.

"చిన్నమ్మా, ఈడ గట్టిగా మాట్లాడగూడదు. నిమ్మళంగా ఉండాల" అన్నాడు మొదటి మాటగా. మొదటి తిట్లు వాడికే పడ్డాయి.

ముఐథర్

శ్రీధర్ వాళ్ళుండేది దోహా అంచున, ముఐథర్‌లో. బయట నుంచి చూస్తే పెద్ద బంగళా. లోపల పలచటి గోడలు లేపి అయిదు కాపురాలు చేశారు. దీన్ని పార్టిషన్ అంటారు. శ్రీధర్ గదిలో వాడు తుమ్మితే పక్కింటి మలయాళీ ఆవిడ ఏదో దీవిస్తుంది. వంటిల్లు మూడు కుటుంబాలకు ఒకటే. పొయ్యికి వంతులున్నాయి. ఉదయం ఆరు నుంచి ఏడు మనది.

వీధి చివర కొట్లో కరివేపాకు చిన్న కట్ట రెండు రియాళ్ళు. మన డబ్బుల్లోకి మార్చి చూసుకుని ఆ కట్టను మళ్ళీ కింద పెట్టేశాను. మా పెరట్లో ఊడ్చి పారేసేది అంతకు పదింతలుంటుంది. రాగిపిండి మాత్రం దొరికింది, రెండు కిలోలు తీసుకున్నాను. కొట్టు ముందు కార్లలో కూచునే జనం హారన్ కొట్టి టీ తెప్పించుకుంటారు. కరక్ అంటారు, పాలల్లో ఆకు బాగా మరిగించి ఏలకులు దంచి వేస్తారు. దిగి వచ్చి తాగితే ఏం పోయిందో నాకు అర్థం కాలేదు. టీ మాత్రం బాగుంది. ఆ వారంలో నేను మెచ్చుకున్న మొదటి వస్తువు అదే.

కొలత ముక్కలు కొత్తవి చేయించాలి, వేరే దారి లేదు. లేతు మీద పదో వంతు మిల్లీమీటరు తేడాతో ముక్కలు తీసే మనిషి కావాలన్నాను. శ్రీధర్ ఆఫీసులో ఎవరో ఎవరికో ఫోను చేశారు. ఒక పేరు దొరికింది: లింగన్న.

బర్వా అల్ బరాహా

ఇండస్ట్రియల్ ఏరియా పక్కన పనివాళ్ళ కోసం కట్టిన పెద్ద వసతి ఇది. ఒకే రంగు, ఒకే ఎత్తు కట్టడాలు ఒక ఊరంత పొడుగునా ఉన్నాయి. శుక్రవారం సెలవు కాబట్టి బయటంతా జనం. బట్టలు, సబ్బులు, సిమ్ కార్డులు నేల మీద పరిచి అమ్ముతున్నారు. అందరూ మగవాళ్ళే. చీరలో నన్ను చూసి దారి ఇచ్చారు. ఒకతను పరుగున వెళ్ళి కుర్చీ తెచ్చాడు. బెంగాలీ అతను. మాటలు కలవలేదు, కుర్చీ తుడిచి వేసి వెళ్ళిపోయాడు.

లింగన్నది జగిత్యాల దగ్గర పల్లె. నలభై దాటి ఉంటాయి. వాల్వులూ పైపులూ బాగుచేసే వర్క్‌షాపులో టర్నరు. నా కాగితం మీది కొలతలు చూసి కళ్ళజోడు సవరించుకున్నాడు.

"పదిహేడున్నర కెల్లి పద్దెనిమిదిన్నర దాక, పాయింట్ వన్ పాయింట్ వన్. పదకొండు ముక్కలు. గిది దేనికక్కా?"

చెప్పాను, మొత్తం. రెడ్డెప్ప గురించి కూడా చెప్పాను.

"ఈడ ఏ సామాను ఖరాబైనా మొదలు మనోని దిక్కే చూస్తరక్కా. మా షాపుల పోయినేడు మోటరు కాలిపోయింది. గా దినం నేను సిక్ లీవుల ఉన్న, రూములనే పండుకున్న. అయినా నన్నే పిలిచి అడిగిండ్రు. నేను లేనని కాయితం చూపెట్టినంక గప్పుడు ఊకున్నరు." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "రేపు తిండి బ్రేకుల చేస్త. ఇత్తడి ముక్క ఉంది, స్క్రాపుల పడ్డది. ఫోర్‌మన్ మంచోడే, అడుగుత. గన్ను గిన్ను అని చెప్ప, కొల్తలకు అని చెప్త."

మర్నాడు సాయంత్రం శ్రీధర్ వెళ్ళి తెచ్చాడు. పాత సాక్సులో పదకొండు ఇత్తడి ముక్కలు, ఒక్కొక్కదాని మీదా అంకె పంచ్‌తో కొట్టి ఉంది. కమ్మీకి బిగించడానికి మరలు కూడా తీశాడు, నేను అడగనే లేదు. శ్రీధర్ మైక్రోమీటరు తెప్పిస్తే ఒక్కొక్కటీ చూశాను. పదకొండూ సరిగ్గా ఉన్నాయి. గంటసేపటి తిండి విరామంలో తినకుండా చేశాడు ఆ మనిషి.

ఉమ్ సలాల్, పొలం

దోహాకు ఉత్తరాన ఉంది ఉమ్ సలాల్. దారి పొడుగునా గోడలు, గోడల వెనక ఖర్జూరం చెట్ల తలలు. పెద్దాయన బంగళా ఒకవైపు, పొలం ఒకవైపు. పొలమంటే మన కళ్ళకు ఆనదు. ఇసుక మధ్య పైపులతో తడిపే చిన్న చిన్న మళ్ళు, దోసకాయల గుడారాలు, మేకల దొడ్డి. రెడ్డెప్ప దొడ్డిలోంచి వచ్చాడు. కొంచెం వంగి నడుస్తున్నాడు. పొట్ట తగ్గి, మెడ నల్లబడి, నాకు తెలిసిన మనిషి కంటే పదేళ్ళు పెద్దగా కనిపించాడు.

"ఏందమ్మా, ఇంత దూరం మీరే వచ్చినారా? అయ్య రాకపోతే పోనీ, ఎవరినైనా పంపిచ్చుంటే సరిపోయుండు."

"ఎవర్ని పంపాల? గొట్టం కొలిచేది ఎవురు మన షాపులో?" అన్నాను. నాకూ ఆ యాసే వచ్చేసింది.

అతని గదికి కిటికీ లేదు. ఏసీ ఉంది కానీ గర్రుమని మొత్తుకుంటుంది. రాగిపిండి చూసి మొహం వెలిగింది. వెంటనే నీళ్ళు పెట్టి సంగటి కెలికాడు. చెనిక్కాయలు వేయించి ఊరుమిండి పచ్చడి నూరాడు. అదే పొలంలో పనిచేసే ఇద్రీస్ అనే సూడాన్ ముసలాయన వచ్చి కూచున్నాడు. ముద్ద విరిచి నోట్లో పెట్టుకుని నవ్వాడు. వాళ్ళ ఊళ్ళో కూడా ఇదే చేస్తారట, అసీదా అంటారట. మన సంగటి మరీ గట్టిగా ఉందన్నాడు. మీది పలచనేమో అన్నాను. ఆ వాదన కాసేపు నడిచింది. నాలుగు నెలల్లో రెడ్డెప్ప గట్టిగా నవ్వడం అదే మొదటిసారని ఇద్రీస్ హిందీలో చెప్పాడు.

తర్వాత అడిగాను. "బ్రష్షు ముట్టుకున్నావా?"

"అమ్మా, మీరు కూడానా?"

"అడగాల కదా. చెప్పు."

"ముట్టుకోలేదు. ఇంగ ఎంతమందికి చెప్పాల?" లేచి వెళ్ళి మేకలకు నీళ్ళు పెట్టాడు. తిరిగొచ్చేదాకా నేను తలెత్తలేదు. నామీద నాకే కోపం వచ్చింది.

ఉమ్ సలాల్, బంగళా

మర్నాడు పది గంటలకు రమ్మన్నారు. గేటు దగ్గర శ్రీధర్‌ను ఒకవైపు, నన్ను ఇంకోవైపు తీసుకెళ్ళారు. నన్ను తీసుకెళ్ళింది ఆడవాళ్ళ గదికి. పెద్దాయన భార్య చేయి పట్టుకుని పక్కన కూచోబెట్టుకుంది. అత్తరు రాసింది, ధూపం వేసింది. గోధుమలూ మాంసమూ మెత్తగా కలిపి వండింది పెట్టింది. హరీస్ అంటారు, మన హలీంకు అక్కలాంటిది, మసాలా తక్కువ. ఎంత బాగుందో చెప్పలేను. కానీ గంట గడిచింది. గంటన్నర గడిచింది. సంచిలో సాక్సు, సాక్సులో ఇత్తడి ముక్కలు. ఎవరూ పిలవరే?

ఫోను మోగింది. శ్రీధర్. గుసగుసలాడుతున్నాడు.

"చిన్నమ్మా, తుపాకి నా చేతిలో పెట్టినారు. కొలవమంటాండారు. నేనే వచ్చిన నిపుణుణ్ణి అనుకున్నారు. ఏం చేయాల?"

"మరి నువ్వు చెప్పలేదా?"

"చెప్పేలోపల కాఫీ ఇచ్చినారు."

నేను లేచాను. పెద్దాయన భార్యకు నమస్కారం పెట్టాను. ఆమెకు ఏం అర్థమైందో, నవ్వి తనే తలుపు తీసింది. వరండా దాటి మగవాళ్ళ మజ్లిస్‌లోకి వెళ్ళాను. గోడల పొడుగునా మెత్తలు వేసిన పెద్ద గది. ఏడెనిమిది మంది ఉన్నారు. పెద్దాయన సన్నగా, పొడుగ్గా, కర్ర పట్టుకుని కూచున్నాడు. పక్కన కొడుకు. ఇంకో పక్క తుపాకి అమ్మిన వ్యాపారి. ఏ దేశం మనిషో రాయను, అందరి దేశాల్లోనూ అలాంటివాళ్ళున్నారు. తలుపు దగ్గర రెడ్డెప్ప నిలబడి ఉన్నాడు. అతన్ని కూచోమని ఎవరూ అనలేదు.

"కొలిచేది నేను" అన్నాను హిందీలో. రెడ్డెప్ప అరబ్బీలో చెప్పాడు. వ్యాపారి నవ్వాడు. సాక్సులోంచి ఇత్తడి ముక్కలు తీసి బల్ల మీద పేరిస్తే ఇంకా నవ్వాడు. బజారు సామాను అని ఇంగ్లీషులో అన్నాడు. నాకు ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చు. వినపడనట్టు ఉండటానికి పళ్ళు బిగించుకోవాల్సి వచ్చింది.

గొట్టం విడదీశాను. ముందు పొడుగు చూశాను. ముప్పై నాలుగు అంగుళాలు. తుపాకి కొన్నప్పుడు ఫ్యాక్టరీ పాత రికార్డుల నుంచి తెప్పించిన ఉత్తరం నకలు బల్ల మీద ఉంది, అందులోనూ అంతే ఉంది, చోక్ 'ఫుల్' అని ఉంది. అంటే ఎవరూ మూతి కోసి పొట్టి చేయలేదు, పుట్టినప్పుడు చోక్ పూర్తిగా ఉంది. పన్నెండు బోరు గొట్టం లోపల పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లుంటుంది. ఫుల్ చోక్ అయితే మూతి దగ్గర పదిహేడున్నర దాకా దిగాలి. ఇందులో పద్దెనిమిది పాయింట్ రెండు ముక్క మూతిలోంచి దూరిపోయింది. పాయింట్ మూడు దూరలేదు. చోక్ పోయిన మాట నిజమే.

వ్యాపారి చేతులు చాచాడు, చూశారా అన్నట్టు.

"ఆగండి" అన్నాను. "పోయిందా లేదా అని కాదు నేను వచ్చింది. ఎలా పోయింది?"

ముక్కల్ని ఒక్కొక్కటే కమ్మీకి బిగించి వెనక నుంచి లోపలికి తోశాను. చోక్ అంటే లోపల మెల్లగా దిగే వాలు. పెద్ద ముక్క ముందే ఆగాలి, చిన్నది ఇంకాస్త పోయి ఆగాలి, అలా మూతి దాకా మెట్లు మెట్లుగా ఆగుతూ పోవాలి. పాయింట్ నాలుగు ముక్క మూతికి నాలుగు వేళ్ళ దూరంలో ఆగింది. పాయింట్ మూడు మూడు వేళ్ళ దూరంలో ఆగింది. పాయింట్ రెండు ఎక్కడా ఆగకుండా బయటికొచ్చి నా చేతిలో పడింది. అంటే వాలు మొదలైంది, మధ్యలో తెగిపోయింది, అక్కణ్ణుంచి మూతి దాకా ఒకే వెడల్పున తిన్నగా ఉంది. బ్రష్షుతో గీకితే అలా అవుతుందా? బ్రష్షు గొట్టం పొడుగునా తిరుగుతుంది, అంతటా అరగదీస్తుంది. చివరి మూడు వేళ్ళ మేర మాత్రమే, అదీ బియ్యపు గింజ మందంలో సగం, చుట్టూ సమానంగా అరగదీసే బ్రష్షు ఈ లోకంలో లేదు. అది రీమర్ అనే తొలిచే పనిముట్టు చేసిన పని. మరలో పెట్టి తొలిచారు.

టార్చి వేసి పెద్దాయనను చూడమన్నాను. కర్ర పక్కన పెట్టి వంగాడు. మూతి లోపల వెంట్రుకల్లాంటి గుండ్రటి గీతలున్నాయి. బ్రష్షు గీతలు నిలువుగా ఉంటాయి. ఆ గుండ్రటి గీతల్లో పాత సీసం గట్టిగా పేరుకుని ఉంది. అదంతా పేరుకోవాలంటే ఎన్ని వేల తోటాలు కాల్చాలి? పెద్దాయన కాల్చినవి రెండు పెట్టెలు.

వ్యాపారి అడ్డు తగిలాడు. ఇవన్నీ ఊహలన్నాడు. తను అమ్మిన రోజున చోక్ పూర్తిగా ఉందన్నాడు.

"అమ్మిన రోజు కాగితాలు చూపించండి" అన్నాను.

కొడుకు ఫైలు తెచ్చాడు. మొదటి పేజీ రసీదు, రెండోది ఫ్యాక్టరీ ఉత్తరం. మూడోది ఎవరూ చదవని పేజీ. వ్యాపారి షాపులో రాసిన తుపాకి వివరాలు. అడుగున చిన్న అక్షరాల్లో మూతి కొలత అంగుళాల్లో ఉంది: పాయింట్ ఏడు వందల ఇరవై. నా నోటుబుక్కులోనే గుణించి పెద్దాయన ముందు పెట్టాను. పద్దెనిమిది పాయింట్ రెండు తొమ్మిది మిల్లీమీటర్లు. పాయింట్ రెండు దూరుతుంది, పాయింట్ మూడు దూరదు. ఈ రోజు ఎంత ఉందో, అమ్మిన రోజు కూడా అంతే ఉంది. వాళ్ళే కొలిచారు. వాళ్ళే రాసుకున్నారు. అన్నీ తెలిసే ఒక డ్రైవరు మీద వేశారు.

నా గొంతు లేచింది. శ్రీధర్ నా కొంగు పట్టి లాగాడు. విడిపించుకున్నాను.

"అది మా క్లర్క్ పొరపాటు" అన్నాడు వ్యాపారి.

"క్లర్క్ మీద ఎప్పుడు వేస్తారా అని చూస్తున్నాను. ఈ రోజుకు డ్రైవర్లు అయిపోయారా?" అన్నాను. రెడ్డెప్ప ఆ మాట తర్జుమా చేయలేదు. శ్రీధర్ కూడా చేయలేదు. ఒక మూల నుంచి ఎవరో నవ్వారు కాబట్టి హిందీ తెలిసినవాళ్ళు ఉన్నారన్నమాట.

పెద్దాయన వ్యాపారితో అరబ్బీలో నాలుగు మాటలన్నాడు. గొంతు పెంచలేదు. వ్యాపారి మొహం మాత్రం రంగు మారింది. లేచి వెళ్ళిపోయాడు, చెప్పులు తారుమారు చేసుకుని మరీ.

సంతకం

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. అసలు కోపం ఇప్పుడొచ్చింది.

కొడుకు ఒక తెల్ల కాగితం ఇచ్చి, చూసినదంతా ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టమన్నాడు. తుపాకి వెనక్కివ్వడానికి కావాలి. శ్రీధర్ రాశాడు, నేను చెప్పాను. పొడుగు, కొలతలు, రీమర్ గుర్తులు. చివర ఒక వాక్యం చేర్చమన్నాను: ఈ బ్యారెల్ ఈ ఇంటికి రాకముందే తొలిచారు, దీన్ని చూసుకున్న మనిషి ఏ నష్టమూ చేయలేదు. అతని పేరు, ఇంటిపేరుతో సహా.

కొడుకు చదివి ఆ వాక్యం మీద వేలు పెట్టాడు. "ఇది అక్కర్లేదు. ఇది ఇంటి విషయం. అతను మళ్ళీ బండి నడుపుకోవచ్చు, ఖలాస్."

ఖలాస్! నాలుగు నెలలు. సెలవు పోయింది, మెడ నల్లబడింది. ఈ గదిలో, ఈ మనుషుల ముందే అతన్ని గీకినవాడన్నారు. ఇప్పుడు ఖలాస్.

"ఆ వాక్యం లేకపోతే సంతకం లేదు" అన్నాను.

"చిన్నమ్మా..." అన్నాడు శ్రీధర్.

"వద్దులేమ్మా. పోనీండి" అన్నాడు తలుపు దగ్గర నుంచి రెడ్డెప్ప.

"నువ్వు ఊరుకో" అన్నాను. పెన్ను మూత పెట్టి బల్ల మీద పెట్టాను. కొడుకు నన్ను చూశాడు. నేను అతన్ని చూశాను.

పెద్దాయన చేయి చాచాడు. కాగితం అతని చేతికెళ్ళింది. కళ్ళజోడు పెట్టుకుని చివరి వాక్యం దగ్గర ఆగాడు. పేరును కూడబలుక్కుని చదివి, తలెత్తి అడిగాడు. ఆ ప్రశ్నను శ్రీధర్ నాకు చెప్పాడు.

"ఎవరు ఈయన, అంటాండాడు."

పదకొండేళ్ళు. ఆ ఇంట్లో అతన్ని రాజూ అని పిలిచారట. మొదటి రోజు ఎవరో అలా పిలిచారు, అదే ఉండిపోయింది.

"నేనే బాబా" అన్నాడు రెడ్డెప్ప.

పెద్దాయన అతన్ని చూశాడు. మళ్ళీ కాగితం చూశాడు. తర్వాత ఆ వాక్యాన్ని అరబ్బీలోకి మార్చి, గదిలో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా మెల్లగా చెప్పాడు. పేరు దగ్గర తడబడ్డాడు. రెడ్డెప్ప సరిచేశాడు. పెద్దాయన మళ్ళీ పలికాడు, ఈసారి సరిగ్గా. కాగితం నాకిచ్చాడు. సంతకం పెట్టాను.

క్షమించమని ఎవరూ అనలేదు. కాఫీ వచ్చింది. కారు తాళాలు వచ్చాయి.

తిరుగు దారి

రెండు రోజుల తర్వాత విమానాశ్రయానికి రెడ్డెప్పే తీసుకొచ్చాడు, ఆ పెద్ద తెల్ల బండిలో. చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. సెలవు ఇచ్చారట, నెల తర్వాత వస్తానన్నాడు. మళ్ళీ ఆ ఇంటికే తిరిగి వెళ్తానన్నాడు. ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది.

"ఎందుకు పోవాల మళ్ళీ? ఇంగో ఇల్లు లేదా?"

"ఉండాదిలేమ్మా. ఆడ ఇట్లాంటోడే ఇంగో షాపాయన ఉంటాడు" అన్నాడు అద్దంలోంచి చూస్తూ.

నాకు ఊరుకోవడం చేతకాదు.

"సరే, ఆ పెద్దాయన్ని ఒక్క మాట అడిగుంటే ఏమయ్యేది? తప్పయింది అని చెప్పమని అడగాల్సింది నువ్వు. నేను అడిగేదాన్ని. నువ్వే కళ్ళతో వద్దన్నావు."

రెడ్డెప్ప బండిని పక్కకు తీసి, విమానాశ్రయం గుమ్మం ముందు ఆపాడు. ఇంజను ఆపలేదు.

"ఆయన తప్పయింది అంటే, పరవాలేదు బాబా అని నేను అనాల్సొస్తాదమ్మా" అన్నాడు. "నాకు అనబుద్ధి కాలేదు."

దిగి నా పెట్టె తీసి ట్రాలీలో పెట్టాడు.